ఆయన సెలవే పెట్టేవారు కాదట

ఈ వారం ఉత్తరం నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం నుంచి వచ్చింది. ఆరు పేజీలు, రెండు వైపులా. రాసినావిడ ఒక జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మిస్ట్రెస్. ఊరూ పేరూ వద్దన్నారు కాబట్టి అవి తీసేసి మిగతాది క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు 49 ఏళ్లు. కోవూరు వైపు డెల్టా పల్లెల్లో స్కూల్ అసిస్టెంటుగా 19 ఏళ్లు జీవశాస్త్రం చెప్పారు. నిరుడు ప్రమోషన్ మీద హెచ్ఎంగా ఈ బడికి వచ్చారు. భర్త నెల్లూరులో బ్యాంకు ఉద్యోగి. ఆమె బడి ఉన్న ఊళ్లోనే చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, శనివారం సాయంత్రం బస్సెక్కుతారు. బడిలో ఆమె కాక 11 మంది టీచర్లు.

అంతకుముందున్న హెచ్ఎంకి పులి అని పేరు. పొద్దున్నే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారట. తొమ్మిది దాటి ఒక్క నిమిషమైనా రిజిస్టరులో ఎర్ర ఇంకు పడేదట. పిల్లల ముందే టీచర్లను కేకలేసేవారట. పదో తరగతి ఫలితాలు మాత్రం ఏటా బాగుండేవి. ఆమె రాసిన మాట ఇది: "ఐదేళ్లలో ఆయన సెలవే పెట్టేవారు కాదట. జ్వరమొచ్చినా మాత్రేసుకుని వచ్చి కూర్చునేవారట. అంత నిబద్ధత నాకెక్కడిది?"

ఈమె వచ్చాక గేటు దగ్గరి కుర్చీ లోపలికి వెళ్లిపోయింది. స్టాఫ్ రూములో అందరితో కూర్చుని టీ తాగడం, అన్నా అనీ చెల్లీ అనీ పిలవడం. రెండు నెలలు బాగా గడిచింది. తర్వాత కావలి నుంచి నలుగురు టీచర్లను తెచ్చే కారు వారానికి మూడు రోజులు ప్రార్థన అయ్యాకే గేటులోకి రావడం మొదలుపెట్టింది. కారు లెక్కల మాస్టారిది. ఆయన సర్వీసులో ఈమెకన్నా పెద్ద. ఇల్లు కదలడం ఇష్టం లేక ప్రమోషన్ వదులుకున్నారు. ఉపాధ్యాయ సంఘంలో మండల నాయకుడు కూడా. తొమ్మిదో తరగతి బి సెక్షన్ నోటుపుస్తకాలు ఆయన దసరా నుంచి దిద్దలేదు. ఆలస్యం గురించి అడిగితే నవ్వి ఇలా అన్నారట: "ఆయప్ప ఉన్నప్పుడు భయపడి వస్తిమి మేడమ్, మీరొచ్చినాక మనసుపడి వస్తా ఉండాం. ఐదు నిమిషాలకేంది?"

2018 డీఎస్సీలో వచ్చిన ఇంగ్లిష్ టీచరుకు కంప్యూటర్ బాగా తెలుసు. అందుకని హాజరు, భోజనం లెక్కలు, యూడైస్ (బడి వివరాల నమోదు), ఇంకా పైనుంచి అడిగే ప్రతి ఆన్‌లైన్ పనీ ఆ అమ్మాయి మీదే పడింది. శనివారాలు తనంతట తాను పిల్లలకు ఇంగ్లిష్‌లో మాట్లాడించే క్లాసు నడిపేది. ఈమధ్య మానేసింది. అడిగితే "నాకూ ఇంట్లో పిల్లలున్నారు మేడమ్" అందట.

ఒకరోజు పైఅధికారి ఫోన్లో గట్టిగా మాట్లాడారు. ఆ రాత్రి పదింటికి ఈమె స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఆ నెల ఆలస్యంగా వచ్చినవాళ్ల పేర్లు, తేదీలతో సహా పెట్టేశారు. మర్నాటి నుంచి స్టాఫ్ రూములోకి వెళితే అందరూ పుస్తకాలు తెరుస్తున్నారు. ఆమె గదికి టీ రావడం ఆగిపోయింది. "మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి" అని భర్త అంటున్నారు. నేనూ పులినైపోనా? మెమోలు ఇవ్వనా? బదిలీ పెట్టుకోనా? లేక ఈ ప్రమోషన్ వెనక్కిచ్చేసి మళ్లీ జీవశాస్త్రం చెప్పుకోనా? ఆమె అడిగినవి ఇవీ.

అమ్మా,

మీ ఉత్తరాన్ని ఎర్ర పెన్ను పట్టుకుని చదివాను. రిటైరైనా చేతికి ఆ అలవాటు పోలేదు. "బడి మొత్తం పనితీరు పడిపోయింది" అన్న మీ మాట కింద గీత గీసి, మార్జిన్లో లెక్క వేశాను. కారులో వచ్చేవాళ్లు నలుగురు, నోటుపుస్తకాలు దిద్దని మాస్టారు అందులోనే. ఇంగ్లిష్ అమ్మాయి ఒకరు. మొత్తం ఐదుగురు. మరి మిగతా ఆరుగురు? ఆరు పేజీల్లో వాళ్ల గురించి ఒక్క వాక్యం లేదు. వాళ్లు వస్తున్నారు, పాఠం చెబుతున్నారు, మీకు తలనొప్పి కాలేదు, అందుకే మీ ఉత్తరంలోకి రాలేదు. ఇంకో సంగతి. మీకు ఆలస్యంగా వచ్చే టీచర్లు నలుగురు లేరు. ఆలస్యంగా బయల్దేరే కారు ఒకటుంది. ఆ నలుగురి పేర్లూ గ్రూపులో వేసినప్పుడు, వెనక సీట్లో కూర్చుని తెల్లారి ఆరింటికే తయారై ఎదురుచూసే ఇద్దరు ముగ్గురిని కూడా దోషుల్లో కలిపేశారు. స్టాఫ్ రూము మూగబోవడానికి అదీ ఒక కారణమని నా అనుమానం.

ఇప్పుడు పులి దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం ఆయన సెలవు సంగతే. మీరు దాన్ని మెచ్చుకుంటూ రాశారు. నాకు మాత్రం అందులో ఆయన ఇబ్బంది కనిపించింది. జ్వరంతో కూడా వచ్చి కూర్చోవాల్సి వచ్చిందంటే, తను లేని రోజు ఆ బడి ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలిసే ఉండాలి.

దీని మీద పాత ప్రయోగం ఒకటుంది. 1930ల చివర్లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్, ఆయన దగ్గర పనిచేసిన లిపిట్, వైట్ కలిసి చేశారు. పదేళ్ల మగపిల్లల్ని చిన్న చిన్న క్లబ్బులుగా చేసి, మాస్కులు తయారుచేయడం లాంటి పనులిచ్చారు. క్లబ్బులకు విడతకో తరహా పెద్దమనిషిని పెట్టారు. ఒకాయన అన్నీ తనే నిర్ణయించి హుకుం జారీ చేస్తాడు. ఇంకొకాయన పిల్లలతో చర్చించి, రెండు మూడు దారులు చూపించి, పని వాళ్లతో కలిసి పంచుతాడు. మూడో ఆయన అడిగితే చెబుతాడు, లేదంటే ఊరికే కూర్చుంటాడు. హుకుం నడిచిన చోట పని ఎక్కువే జరిగింది. కానీ ఆ పెద్దమనిషి గది దాటి బయటికి వెళ్లగానే చేతులు ఆగిపోయాయి. చర్చించి పని పంచిన చోట ఆయన బయటికి వెళ్లినా పని దాదాపు అలాగే సాగింది. ఊరికే కూర్చున్న చోట పని అన్నిటికన్నా తక్కువ జరిగింది. అవి పదేళ్ల పిల్లల క్లబ్బులు, మనవి జీతాలున్న ఉద్యోగాలు, కాబట్టి ఉన్నది ఉన్నట్టుగా తెచ్చి అంటించుకోలేం. అయినా మీ బడి కథ అందులో సగం కనిపిస్తోంది. బదిలీల్లో ఆయన గది దాటి వెళ్లారు, అంతే. ఆ కారు మీరు రాకపోయినా, ఇంకెవరు వచ్చినా ఆలస్యమయ్యేదే.

ఆయన్ని తీసిపారేయడం లేదు. ఆ ఐదేళ్లు పిల్లలకు పాఠం అందింది. మెట్ట పల్లెల్లో అది చిన్న సంగతి కాదు.

అయితే మిమ్మల్ని పూర్తిగా వదిలిపెట్టను. మీరు అనుకుంటున్నట్టు మీరు నడిపింది ఆ రెండో తరహా కాదమ్మా, మూడోది. గేటు దగ్గర కుర్చీ తీసేశారు, మంచిదే. దాని స్థానంలో ఏం పెట్టారు? టీ పెట్టారు. ఎన్నింటికి రావాలి, పుస్తకాలు ఎన్నాళ్లకోసారి దిద్దాలి, ఆన్‌లైన్ పని ఎవరెవరు చేయాలి, వీటి మీద ఈ ఏడాదిలో ఒక్క స్టాఫ్ మీటింగైనా పెట్టినట్టు మీ ఉత్తరంలో లేదు. గట్టిగా ఏమీ అడగకుండా ఇన్నాళ్లుండి, ఒక రాత్రి పదింటికి హఠాత్తుగా తేదీలతో సహా అడిగారు. వాళ్లకు రెండు నెలలు కనిపించిన అక్క, ఆ రాత్రి కనిపించిన హెచ్ఎం ఒకరేనా అన్న సందేహం వచ్చింది.

నా సంగతీ చెప్పాలి. ఒంగోలుకు దూరంగా ఒక పల్లె బడికి కొత్తగా హెచ్ఎంగా వెళ్లినప్పుడు నేను మీకు పూర్తిగా ఎదురు దారి పట్టాను. తొమ్మిదీ ఐదుకల్లా రిజిస్టరు తీసి బీరువాలో పెట్టి తాళం వేసేవాణ్ణి. వారంలో అందరూ దారికొచ్చారు. నేను తెగ మురిసిపోయాను. రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం వరండాలో నడుస్తుంటే ఎనిమిదో తరగతిలో సాంఘికశాస్త్రం మాస్టారు కుర్చీలో కూర్చుని కిటికీలోంచి వేపచెట్టు చూస్తున్నారు, పిల్లలు బోర్డు మీది నోట్సు ఎక్కించుకుంటున్నారు. పక్క గదిలోనూ అంతే. వాళ్లు నాకు ఇస్తానన్నది సమయం, అది ఖచ్చితంగా ఇచ్చేశారు. ఇప్పుడైతే ముఖం చూసి హాజరు వేసే యాప్ ఉంది కాబట్టి నాలా బీరువా తాళాలు కూడా అక్కర్లేదు. టీచరు ఎన్నింటికి గేటులోకి వచ్చారో ఆ యాప్ చెబుతుంది. వచ్చాక ఏం చేశారో చూడాల్సింది మీరే.

ఇక మీరడిగిన దారులు ఒక్కొక్కటీ చూద్దాం.

పులినైపోనా అన్నారు. పులిని చూసి నక్క ఏం చేసిందో సామెత మీకు తెలుసు, మిమ్మల్ని ఆ నక్కతో పోల్చే ధైర్యం నాకు లేదు కానీ, 19 ఏళ్లు మెల్లగా మాట్లాడిన మనిషి సోమవారం నుంచి కేకలేస్తే పిల్లలే నమ్మరు. పోనీ కేకలు లేకుండా కాగితాలతో గట్టిగా ఉండొచ్చు. చేతిలో ఉన్నవి చెబుతాను. మూడు ఆలస్యాలకు ఒక సీఎల్ (క్యాజువల్ లీవు) కోయడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. సంజాయిషీ అడుగుతూ మెమో ఇవ్వొచ్చు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్లో టీచరు వేళకు రావడం, సిలబస్ పూర్తిచేయడం బాధ్యతలుగా రాసే ఉన్నాయి, కాబట్టి మీరు అడిగేది మీ సొంత కోరిక కాదు. అంతకు మించి శిక్షలు 1991 సీసీఏ రూల్స్ (ఉద్యోగుల క్రమశిక్షణ నిబంధనలు) ప్రకారం పైవాళ్లు వేయాల్సినవి, మీరు రాసి పంపగలరు, అంతే. ఈ దారిలో వెళితే కారు వారంలో వేళకు వస్తుంది, అందులో నాకు అనుమానం లేదు. బి సెక్షన్ పుస్తకాలన్నీ ఒక్క సాయంత్రంలో పేజీకో టిక్కుతో మీ బల్ల మీదికి వస్తాయి. మీ మెమోకు మూడు పేజీల జవాబు కూడా వస్తుంది, సంఘం నాయకుడికి ఆ పని మీకన్నా బాగా వచ్చు. ఇక అక్కణ్ణుంచి మీరు గేటు దగ్గర కూర్చోవాలి, సెలవు పెట్టకూడదు.

అలాగని మెమో అనే వస్తువే వద్దనను. క్లాసును వదిలేసి ఊళ్లోకి వెళ్లడం, హాజరులో మోసం, పిల్లల మీద చెయ్యి చేసుకోవడం, ఇలాంటివి ఎదురైతే టీ గురించి ఆలోచించకండి. ఆ రోజే కాగితం పెట్టండి.

ఇప్పుడున్నట్టే ఉండిపోతే? కారు గొడవ అలాగే ఉంటుంది, ఎవరికీ పెద్దగా ఏమీ కాదు అనిపిస్తుంది. కానీ మీరు మొదట పోగొట్టుకునేది ఇంగ్లిష్ టీచర్ని. వచ్చే బదిలీల్లో ఆ అమ్మాయి దరఖాస్తు పెట్టుకుంటుంది. ఆ తర్వాత, మీ ఉత్తరంలోకి రాని ఆ ఆరుగురు. వేళకు వచ్చి ప్రార్థనలో నిలబడి, కారు ఎన్నింటికి వస్తోందో రోజూ చూస్తున్నది వాళ్లే. మీకు చెప్పడం లేదు, అంతే.

నేనైతే మొగ్గేది అందరికీ ఒకే కొలత వద్దనే దారికి. మీ నాన్నగారికి కందుకూరు దగ్గర పొగాకు బ్యారన్, అదే ఆకు కాల్చి ఎండబెట్టే కొట్టం, ఉండేదని ఎక్కడో మూడో పేజీలో రాశారు. అయితే నాకన్నా మీకే తెలుసు. ఆకు ఎక్కించిన మొదట్లో వేడి తక్కువ పెడతారు, పసుపు తిరగాలి. తర్వాత మెల్లగా పెంచుతారు, చివర్లో ఈనె ఎండడానికి పూర్తి మంట. పసుపు తిరక్కముందే మంట పెంచితే ఆకు పచ్చగానే ఎండి పాడవుతుంది. తిరిగాక కూడా పెంచకపోతే మచ్చపడి నల్లబడుతుంది. రాత్రంతా మేలుకుని మీ నాన్నగారు చేసిన పని, ఏ దశలో ఉందో చూసి దానికి తగ్గ వేడి ఇవ్వడం. 11 మందినీ ఒకే వేడి మీద పెట్టారు మీరు, ముందు మరీ తక్కువ, తర్వాత ఒక్క రాత్రిలో మరీ ఎక్కువ.

లెక్కల మాస్టారితో మొదలుపెట్టండి. ఆయన లీజర్ పీరియడ్లో, మీ గదిలో కాదు, ఖాళీ క్లాసులో. "సార్, పేర్లు గ్రూపులో పెట్టడం నా తప్పు, క్షమించండి. ఆలస్యం సంగతి మాత్రం అలాగే ఉంది, అది మీతో నేరుగా మాట్లాడదామని వచ్చాను." ఈ రెండు వాక్యాలూ విడదీయకండి. మొదటిది మాత్రం చెప్పి రెండోది మింగేస్తే మళ్లీ మొదటి రెండు నెలలకే వెళతారు. గ్రూపులో కూడా ఒక చిన్న మాట పెట్టండి, తప్పు జరిగింది అక్కడే కాబట్టి. తర్వాత పుస్తకాల సంగతి. ఎందుకు దిద్దలేదని కాకుండా, పదో తరగతి పనితో బి సెక్షన్‌కు సమయం చాలడం లేదా అని అడగండి. నిజంగానే అదే కారణం కావచ్చు. పదో తరగతి లెక్కల ప్రణాళిక మొత్తం ఆయనకే అప్పగించవచ్చు, ఆ అనుభవం మీ బడిలో ఇంకెవరికీ లేదు. కానీ అప్పగిస్తే అందులో ఆయన మాటే చెల్లాలి, మీరు మధ్యలో వేలు పెట్టకూడదు. దానివల్ల బడిలో రెండో అధికార కేంద్రం తయారయ్యే ప్రమాదం లేకపోలేదు. అందుకే పక్కనే ఒక తేదీ పెట్టండి: మూడు వారాల్లో బి సెక్షన్ పుస్తకాలు. తేదీ దాటితే ఈసారి మాట కాదు, కాగితం. అది కూడా ఆయనకు ముందే చెప్పండి.

కారు వాళ్లకు మొదటి పీరియడ్ లేకుండా టైం టేబుల్ మార్చేద్దామని మీకు ఎవరో సలహా ఇచ్చారట. వద్దు. పైకి సర్దుబాటులా ఉంటుంది కానీ ఆ మొదటి పీరియడ్ మోసేది ఆ ఆరుగురే.

ఇంకో లెక్క గుర్తుంచుకోండి. మన బదిలీల నిబంధనల్లో హెచ్ఎం ఒకచోట ఉండగలిగేది ఐదేళ్లు, టీచర్లు ఎనిమిదేళ్లు. మీకన్నా వాళ్లు ఆ బడికి ఎక్కువ కాలం సొంతం. అందుకని ఆయన్ని ఓడించాలన్న ఆలోచన పెట్టుకోకండి, దానికి మీ దగ్గర సమయం కూడా లేదు.

ఇంగ్లిష్ అమ్మాయి విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి, ఇది ఈ వారమే. తను చేస్తున్న ఆన్‌లైన్ పనులన్నీ ఒక కాగితం మీద రాయించండి. చూస్తే మీరే అదిరిపోతారు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప వేరే పనులకు టీచర్లను వాడొద్దంటుంది కానీ, ఇవన్నీ బడి పనులే అంటారు కాబట్టి అది మిమ్మల్ని ఆదుకోదు. పంచుకోవడమే మార్గం. ఒకటి మీరు తీసుకోండి, కష్టమైనది. మిగతావి మనిషికొకటి. రెండు సాయంత్రాలు ఆ అమ్మాయి చేతే అందరికీ నేర్పించండి. ఒక నెలపాటు తప్పులు దొర్లుతాయి, మండలం ఆఫీసు నుంచి ఫోన్లు వస్తాయి, తిట్లు మీరు పడాలి. "మళ్లీ ఆ అమ్మాయికే ఇచ్చేద్దాం" అని మూడో వారంలో అనిపిస్తుంది, అప్పుడు ఆగండి. శనివారం క్లాసు మళ్లీ మొదలుపెట్టమని అడగొద్దు. పెడితే పెడుతుంది.

స్టాఫ్ మీటింగు పెట్టండి, కానీ ముందే ఒక గీత గీయండి. తొమ్మిదింటికి బడి మొదలవుతుందన్నది చర్చకు పెట్టే విషయం కాదు. తొమ్మిదింటికి అందరూ ఉండాలంటే ఏం చేద్దాం అన్నది చర్చ. పుస్తకాలు దిద్దాలన్నది చర్చ కాదు, పదిహేను రోజులకోసారా, నెలకోసారా, ఏ క్లాసుకు ఎన్ని అన్నది చర్చ. వాళ్లు ఒప్పుకున్నది వాళ్ల చేతే రాయించండి. అన్నీ వాళ్లకే వదిలేస్తే అదీ పనిచేయదు, అన్నీ మీరే రాసుకొచ్చి చదివినా అంతే.

మీరు వారానికి కొన్ని పీరియడ్లు పాఠం చెబుతున్నారా? ఉత్తరంలో లేదు. చెబుతుంటే తొమ్మిది బి తీసుకోండి. వెనక బెంచీలో కూర్చుని ఇతరుల పాఠం చూడ్డం మీ బాధ్యతే, కానీ ముందు ఒకరిద్దరిని మీ పాఠం చూడటానికి పిలవండి. 19 ఏళ్లు చెప్పిన పాఠం కదా, అక్కడ మీ గొంతు అరువు తెచ్చుకున్నదిగా ఉండదు.

ఇక బదిలీ. కనీస సర్వీసు నిండితే పెట్టుకోవచ్చు, అందులో సిగ్గేమీ లేదు. కొత్త బడిలోనూ ఒక కారు ఉంటుంది, అది తెలుసుకుని వెళ్లండి. ప్రమోషన్ వెనక్కివ్వడం అనుకున్నంత తేలిక కాదు, పైవాళ్లు ఒప్పుకోవాలి, ఒప్పుకున్నా తిరిగి రావడం కష్టం. లెక్కల మాస్టారు పాఠం కోసమో ఇంటి కోసమో కుర్చీ వద్దనుకున్నారు, ఆయన హాయిగా ఉన్నారు. మీరూ పాఠం మీద ప్రేమతో వద్దనుకుంటే నేను ఆపను. స్టాఫ్ రూము నిశ్శబ్దం భరించలేక అయితే కొంచెం ఆగండి, అది ఇంకో నెలలో పోయేదే.

ఏది ఎంచుకున్నా సంక్రాంతి సెలవుల లోపే మొదలుపెట్టండి. పండగ దాటితే మీ వైపు బ్యారన్లు వెలుగుతాయి, పదో తరగతిలో కొందరు ఆకు పనికి పోతారు, వాళ్లను ఇళ్లకు వెళ్లి పిలుచుకురావడానికి మీకు ఆ 11 మందీ కావాలి. మార్చిలో పరీక్షలు.

చివరగా ఒక పని, అన్నిటికన్నా ముందు చేయాల్సింది. వచ్చే బుధవారం ఒక సీఎల్ పెట్టండి. నెల్లూరు వెళ్లి ఇంట్లో పడుకోండి, ఫోన్ చూడకండి. మీరు లేని రోజు ఇన్‌ఛార్జి సీనియర్‌కే కదా, అంటే లెక్కల మాస్టారికి. ఆ రోజు కారు గేటులోకి ఎన్నింటికి వచ్చిందో, మర్నాడు అటెండరును మామూలుగా అడగండి.

ఆ తర్వాత నాకు మళ్లీ రాయండి. ఈసారి ఆరు పేజీలు అక్కర్లేదు, తొమ్మిది బి పిల్లలు లెక్కల్లో ఎక్కడున్నారో ఒక పేజీ చాలు.